ఎనిమిది కిలోబైట్ల కావలివాడు

1995 జూనులో అమెరికా అంగళ్లకు వచ్చిన ‘ఎర్త్‌బౌండ్’ అను వీడియోగేము, షిగెసాటో ఇటోయి అను జపాను రచయిత కల్పన. బేస్‌బాల్ బ్యాటు చేతబట్టి లోకరక్షణకు బయలుదేఱు బాలుని కథ. కథ యెంత సాధువో, నకళ్లను పట్టుటకై నిర్మాతలు దాని గర్భమున దాచిన కావలివాడు అంత క్రూరుడు. ఆ కావలివానిని, పాత ఆటయంత్రమును అనుకరించు ఎమ్యులేటరులో బుద్ధిపూర్వకముగా మేల్కొలిపి, వాడేమి చేయునో చూచి వ్రాసిపెట్టుకొనువారిని దొంగల జట్టున జమకట్టు వాదమొకటి గలదు. వారు చేయుచున్నది గ్రంథపరిష్కర్తల పని యని నా యభిప్రాయము.

ఆ కావలివాని పరీక్ష మిక్కిలి చమత్కారమైనది. అసలు కార్ట్రిడ్జిలో ఆటగాని ప్రగతిని పదిలపఱచు జ్ఞాపకశాల 8 కిలోబైట్లే. అంత చిన్న కొట్టునకు యంత్రము రెండు ద్వారములను చూపును గనుక, ఒక ద్వారమున నుంచిన సంఖ్య రెండవ ద్వారమునుండి చూచినను కనబడవలెను. నకళ్లు తీయుటకై నాడు అమ్ముడుపోయిన కాపియర్లలో జ్ఞాపకశాల విశాలమగుటచే, రెండు ద్వారములును రెండు వేఱు గదులలోనికి తెఱచుకొనును. అంతటితో కావలివానికి గుట్టు తెలిసిపోవును. ఎమ్యులేటరులో దీనిని చూడగోరువారు, ఆటఫైలు శీర్షభాగమున జ్ఞాపకశాల కొలతను తెలుపు బైటులోని 3 ను 5 గా దిద్దుదురు. 3 యనగా 8 కిలోబైట్లు, 5 యనగా 32. ఆ యొక్క యంకె మాఱినంతనే, కాపీ చేయుట ఘోరనేరమని బెదరించు హెచ్చరిక తెఱపై నిలుచును.

ఆ హెచ్చరికను ఎవడైన ఊడబెఱికివేసినచో, ఊడబెఱికిన గుర్తును పసికట్టు రెండవ కావలి లోపల నుండును. వాడు నోరెత్తడు. శత్రువులను మాత్రము అడుగడుగునకు పెంచి, ఎవరును ఉండరాని చోటులందు సైతము గుంపులు గుంపులుగా నిలుపును. అన్నియు నోర్చి, పదుల గంటలు వెచ్చించి, తుదిశత్రువగు గీగస్‌తో పోరు నడుమకు వచ్చినవానికి ఆట బిగుసుకొనిపోవును. యంత్రమును తిరిగి వెలిగించినచో, దాచుకొన్న సేవ్‌లన్నియు శూన్యము. ఇంతటి ఓర్పుగల పగను రచించిన వానియెడ నాకు భయముతో గూడిన గౌరవమే కలుగుచున్నది. (తొంబదులలో మన బజారుల వందలాటల కార్ట్రిడ్జీలతో పెరిగినవారము, ఈ శాపము మన గడప త్రొక్కనందుకు లోలోన సంతసింపవలసినదే.)

నిర్మాతల గోడు అన్యాయమైనది కాదు. 2000లో వెలువడిన ‘స్పైరో: ఇయర్ ఆఫ్ ది డ్రాగన్’ లో జోయీ యను చిన్నదేవత, నీ చేతనున్నది మార్పుచేసిన ప్రతి కావచ్చునని ఆటగానికి మెల్లగా చెప్పును, అట్టి కంచెలచేత ఆ యాట రెండు మాసములకు పైగా భేదింపబడక నిలిచెను. అమ్మకములు తొలివారములలోనే ముమ్మరముగా సాగు వ్యాపారమున, ఆ రెండు మాసములే వారికి కావలసినవి.

చిక్కు ఆ మాసములు గడచిన తరువాతది. కావలివాడు పాత్రను కొలుచునే గాని, దానిని పట్టుకొన్న చేయి యెవరిదో యెఱుగడు. ఐరోపాలో అమ్మిన పలు ప్లేస్టేషన్ డిస్కులలో లిబ్‌క్రిప్ట్ అను రక్షణకు తాళపుచెవి సబ్‌ఛానెల్ అను మూలన దాగియుండును. సొమ్ము చెల్లించి కొన్న తన డిస్కునుండి తానే ప్రతి తీసికొన్నవాడును, సామాన్యమైన ప్రతిలోనికి ఆ మూల రాదు గనుక, ఎమ్యులేటరున దొంగగానే పట్టుబడును. అమెరికాలో 2010కి ముందు వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకవని వీడియోగేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్కతేల్చెను. అయినను, గ్రంథాలయములు పరిశోధకులకు వానిని దూరమునుండి చూపుటకు అక్కడి కాపీరైటు కార్యాలయము 2024 అక్టోబరులో ఒప్పుకొనలేదు. మన కాపీరైటు చట్టము, 2012లో చేరిన 65ఎ నిబంధనచే రక్షణఛేదనమును శిక్షార్హము చేయుచునే, చట్టము స్పష్టముగా నిషేధింపని ప్రయోజనమునకై చేసిన దానిని మినహాయించినది. ఆ సందును పరిరక్షణ యను పేరుపెట్టి గ్రంథాలయములకు విశాలముగా తెఱవవలెనని నా కోరిక.

తెఱచిన పిదప కావలివానిని తుడిచివేయరాదు. తాళపత్రప్రతిని పరిష్కరించువాడు, దొంగిలించినవానికి తగులునని లేఖకుడు తుదిని వ్రాసిన శాపమును సైతము విడువడు గదా. నకలుదారులు దిద్దిన ప్రతియొక్కటే మిగిలినచో, రాబోవు చదువరికి ఆటయొక్క సగము స్వభావము తెలియకపోవును.

2013లో నింటెండోవారే ‘ఎర్త్‌బౌండ్’ ను వీ యూ యంత్రమున మఱల అమ్మిరి. ఆ యంత్రమున పాత కార్ట్రిడ్జిని దూర్చుటకు తావే లేదు. అందు ఆటను నడిపినది ఎమ్యులేటరే.