తుపాకీ దిగింది సరే, చెరువు మాటేమిటి?

అనంతపురం వాళ్ళ దగ్గర కూర్చుని పడవల మీద బాతుల వేట గురించి మాట్లాడితే, ‘ముందు పడవ తేలేన్ని నీళ్ళు చూపించు నాయనా’ అంటారు. న్యాయమే. కానీ ఈ వారం కబురు అక్కడికే చేరుతుంది కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

నీళ్ళ మీద వాలిన బాతును పట్టడం ఎంత కష్టమో తెలియాలంటే దాని తలకాయ చూడాలి. కళ్ళు రెండూ తలకి చెరో పక్కన ఉంటాయి. మెడ తిప్పకుండానే దాదాపు చుట్టూ ఉన్నదంతా కనబడుతుంది. వెనకనుంచి పిల్లిలా వెళ్దామంటే కుదరదు. పైగా గుంపుగా ఉంటాయి. ఒకటి లేచిందంటే చెరువంతా లేస్తుంది. అందుకని బాతు వేటలో తుపాకీ కంటే ముందు కావలసింది మాటు. ఈ మాటు వెయ్యడంలో మనిషి దేశదేశాల్లో చూపిన తెలివితేటలు చదువుతుంటే, వేటంటే గిట్టనివాళ్ళకి కూడా ఔరా అనిపిస్తుంది.

అన్నిటికంటే చవకైనది మన దేశపు పద్ధతే. పాత షికారు పుస్తకాల్లో రాసి ఉంది. ముందు నాలుగు ఖాళీ కుండలు నీళ్ళలో వదిలేస్తారు. అవి అటూ ఇటూ తేలుతుంటే బాతులు రెండు రోజులు బెదిరి, తర్వాత పట్టించుకోవడం మానేస్తాయి. అప్పుడు వేటగాడు ఇంకో కుండకి కళ్ళ దగ్గర బెజ్జాలు పెట్టి, తలకి బోర్లించుకుని, మెడ లోతు నీళ్ళలో మెల్లగా నడుస్తాడు. బాతుల మధ్యకి చేరాక కాళ్ళు పట్టి కిందకి లాగెయ్యడమే. పక్కనున్న బాతుకి కూడా తెలియదు. తుపాకీ లేదు, మందు లేదు. పెట్టుబడి ఒక కుండ.

అమెరికాలోని నెవాడా ఎడారిలో లవ్‌లాక్ అనే గుహ ఉంది. అక్కడ 1924లో తవ్వకాల్లో తుంగతో అల్లిన బొమ్మ బాతులు దొరికాయి. వయసు సుమారు 2,000 ఏళ్ళు. వాటిని నీళ్ళలో వదిలితే, పైన ఎగిరే అసలు బాతులు మనవాళ్ళే కదా అని వాలేవి. ఎడారిలో బాతు బొమ్మలేమిటి అంటారా? ఆ రోజుల్లో ఆ పక్కనే పెద్ద చిత్తడి చెరువు ఉండేది మరి.

ఇంగ్లండులో ఇంకో రకం. నీటికి జానెడు ఎత్తు కూడా లేని సన్నని పడవలో వేటగాడు బోర్లా పడుకుంటాడు. పడవ ముందు భాగంలో ఫిరంగి లాంటి పొడవాటి తుపాకీ బిగించి ఉంటుంది. దాన్ని భుజానికి ఆనించి కాల్చడం మనిషి వల్ల కాదు. పడవనే తిప్పి గురి చూడాలి. ఒక్క పేలుడుకి పదుల సంఖ్యలో బాతులు రాలేవి, ఆ దెబ్బకి పడవ వెనక్కి జారేది. అమెరికాలో చెసాపీక్ అఖాతంలో మరీ విచిత్రం. శవపేటిక లాంటి పెట్టెను చుట్టూ చెక్కలు కట్టి, అంచు నీటి మట్టానికి వచ్చేలా ముంచేవాళ్ళు. అందులో మనిషి వెల్లకిలా పడుకుంటే చుట్టూ వందల కొద్దీ కొయ్య బాతులు తేలేవి. కొట్టిన బాతులు హోటళ్ళకి వెళ్ళేవి. ఇది సరదా వేట కాదు, వ్యాపారం.

జపాన్ చక్రవర్తి గారి బాతుల మడుగుల దగ్గర మాత్రం పద్ధతి మర్యాదగా ఉంటుంది. పెంపుడు బాతుల్ని చూసి అడవి బాతులు సన్నని కాలవల్లోకి వస్తాయి. విదేశీ రాయబారులు చేతి వలలతో వాటిని పట్టి, కాలికి గుర్తు కడియం వేసి వదిలేస్తారు. ఆ కడియాల వల్ల ఏ బాతు ఎక్కడిదాకా పోయిందో శాస్త్రజ్ఞులకు తెలుస్తుంది.

మన దొరలకి, మహారాజులకి అంత మర్యాద లేదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో గారి గౌరవార్థం జరిగిన వేటలో ఒక్క రోజులో 4,273 పిట్టలు చచ్చాయి. ఇది ఎవరో కిట్టనివాళ్ళు చెప్పిన లెక్క కాదు. ఘనకార్యం అనుకుని వాళ్ళే రాతి మీద చెక్కించుకున్నారు. ఆ రాయి ఇప్పటికీ అక్కడ ఉంది. ఇలాంటి దొరల షికారు వేషాన్నే మన పల్లెల్లో పిట్టలదొర ఎగతాళి చేసింది. నెత్తిన టోపీ, ఖాకీ చొక్కా, చేతిలో కొయ్య తుపాకీ, నోటినిండా కోతలు. లిన్‌లిత్‌గో గారి రాయి కంటే పిట్టలదొర కొయ్య తుపాకీయే నయం. దానికి ఒక్క పిట్ట కూడా పడలేదు.

ఇంతకీ ఆ తుపాకులు దిగాయా అంటే దిగాయి. అమెరికాలో వలస పక్షుల్ని చంపి అమ్ముకోవడం 1918 చట్టంతో ఆగింది. మన దగ్గర 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, 1991 సవరణతో లైసెన్సు మీద జరిగే షికారు కూడా పోయింది. కొల్లేటి గట్ల మీద పరజ పిట్టల్ని చాటుమాటుగా పట్టి అమ్మేవాళ్ళు ఉండొచ్చు గాని, అది నేరమని వాళ్ళకీ తెలుసు. కథ ఇక్కడితో సుఖాంతం కావాలి. కాలేదు.

ఎందుకంటే బాతుకి తుపాకీ కంటే పెద్ద శత్రువు ఎండిపోయిన చెరువు. ఈ సంగతి ప్రపంచానికి తెలిసొచ్చింది కరువులోనే. 1930లలో అమెరికా మధ్య మైదానాల్లో వానలు ముఖం చాటేశాయి. దున్నిన నేల దుమ్మై లేచి ఊళ్ళని కప్పేసింది. అచ్చం మన రాయలసీమ బాధే. ఆ మైదానాల్లోని చిన్న చిన్న నీటి గుంటలే బాతులు గుడ్లు పెట్టే చోట్లు. అవి ఎండిపోయేసరికి బాతులు దారుణంగా తగ్గిపోయాయి. అప్పటికి వ్యాపారపు వేట ఆగి పదహారేళ్ళు కావస్తోంది. అయినా లాభం లేకపోయింది.

అప్పుడు ఒక పత్రికా కార్టూనిస్టు రంగంలోకి దిగాడు. పేరు జె.ఎన్. డార్లింగ్. ‘డింగ్’ అని సంతకం పెట్టేవాడు. కార్టూన్లలో ప్రభుత్వాన్ని ఉతికి ఆరేసే ఈయన్నే ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ పిలిచి వన్యప్రాణుల శాఖ అప్పగించాడు. (మన దగ్గర కార్టూనిస్టుల్ని పిలిచేది వేరే పనికి లెండి.) 1934లో ‘డక్ స్టాంపు’ వచ్చింది. బాతుని కొట్టాలనుకున్న ప్రతి వేటగాడూ ఏటా ఆ స్టాంపు కొనాలి. మొదటి స్టాంపు మీద బాతుల జంట బొమ్మ వేసింది డార్లింగే. అప్పట్లో ధర ఒక డాలరు, ఇప్పుడు 25 డాలర్లు. ఆ డబ్బు ఖజానాలో కలిసిపోదు. వందలో 98 వంతులు చిత్తడి నేలలు కొనడానికో, కౌలుకు తీసుకోవడానికో వెళ్తాయి. ఇప్పటిదాకా 110 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది, సుమారు 60 లక్షల ఎకరాలు మిగిలాయి. చంపేవాడి జేబులోంచే చెరువు ఖర్చు రాబట్టారన్నమాట. ఇది మనకి మింగుడు పడదు. ‘కొట్టడానికి కాపాడటమేమిటి?’ అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. కానీ నీళ్ళకి డబ్బు ఎవరు పెడతారు అనే ప్రశ్నకి వాళ్ళ దగ్గర ఒక జవాబుంది.

మన భరత్‌పూర్ సంగతే చూడండి. అది సహజమైన సరస్సు కాదు. వేటకి బాతులు రావాలని మహారాజులు కట్టలు వేసి, తూములు పెట్టి నీళ్ళు మళ్ళించిన పల్లపు నేల. వేట ఆగింది, 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. కానీ 2004 ప్రాంతంలో ఎగువన పాంచనా డ్యాం నీళ్ళు వదలడానికి అక్కడి రైతులు ఒప్పుకోలేదు. వాళ్ళ పొలాలూ ఎండుతున్నాయి కదా! కొన్నేళ్ళు పార్కు బీడు పడింది. లిన్‌లిత్‌గో తుపాకులు ఖాళీ చెయ్యలేని చోటుని నీళ్ళ కరువు ఖాళీ చేసింది.

ఇప్పుడు అనంతపురం. పడమటి కనుమల చాటున పడి నైరుతి మేఘం దాటిపోతుంది. తూర్పు తీరానికి దూరమై ఈశాన్య మేఘం అరకొరగా అందుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడే ఆ కాస్త వాననీ పట్టి ఉంచడానికి విజయనగర రాజుల కాలం నుంచీ చెరువులు కట్టారు. బుక్కపట్నం, ధర్మవరం, బుక్కరాయసముద్రం అన్నీ ఆ వరసలోవే. బుక్కరాయసముద్రం కట్ట తెగకుండా ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ తెలుగువాళ్ళకి చెప్పనక్కర్లేదు. చెరువు నిండిన ఏడు అక్టోబరు, నవంబరుల్లో బాతులు దిగుతాయి. సూదితోక బాతులు, చెంచామూతి బాతులు హిమాలయాలకి ఆవలి నుంచి వస్తాయి. నిండని ఏడు పైనుంచి చూసుకుని దాటిపోతాయి. వాటికి తుపాకీ చట్టం తెలియదు, నీటి మెరుపే తెలుసు. ఇక చాలా చెరువుల్లో నీటి కంటే ముందు కనబడేది సర్కారు తుమ్మ. పైనుంచి వచ్చే వంకలు పూడిపోయో, ఆక్రమణలో పడో ఉంటాయి. వాన పడినా నీరు చెరువు దాకా రాదు.

ఈ నేల మీదే వీరాపురం ఉంది. అప్పటి అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా, చిలమత్తూరు మండలం. కర్ణాటక సరిహద్దు కూతవేటు దూరం. ఏటా జనవరి, ఫిబ్రవరిల్లో ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊళ్ళోని చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. ఇళ్ళ మీద కొమ్మలు, కొమ్మల మీద గూళ్ళు. పిల్లలు ఎగరడం నేర్చాక జులై, ఆగస్టుల్లో వెళ్ళిపోతాయి. బాతులు చలికాలం డ్యూటీ, ఈ కొంగలు ఎండాకాలం డ్యూటీ. తిండి మాత్రం ఇద్దరికీ ఆ చెరువుల్లోనే.

వీటిని చాలామంది సైబీరియా కొంగలంటారు. పేపర్లలోనూ అలాగే రాస్తుంటారు. నిజానికి ఈ కొంగ సైబీరియా ముఖం చూసి ఎరగదు. మన దేశంలోనే అటూ ఇటూ తిరిగే పక్షి. అసలు సైబీరియా కొంగ తెల్లని పెద్ద పక్షి, మన దేశంలో భరత్‌పూర్‌కి వచ్చేది. 2002 తర్వాత అక్కడికీ రాలేదు. ఉత్తరాన సైబీరియా దాకా పోయి వచ్చేవి బాతులు. ఊరు వాటిది, పేరు కొంగది!

వీరాపురంలో ఈ పక్షుల్ని కొట్టరు, కొట్టనివ్వరు. అవి ముందుగా, ఎక్కువగా వస్తే ఆ ఏడు వానలు బాగుంటాయని నమ్మకం. పుట్టింటికి పురిటికి వచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు. ఇది వినడానికి బాగుంటుంది కాబట్టి అందరం ఇక్కడితో ఆగిపోతాం. ఖర్చు సంగతి ఎవరూ అడగరు. చింతపండు దులిపే కాలమూ, కొంగలు గూడు కట్టే కాలమూ ఒకటే. గూళ్ళున్న చెట్టెక్కి కొమ్మ ఊపితే గుడ్లు రాలతాయి. కాబట్టి ఆ కాయ ఆశ వదులుకోవాల్సిందే. వేరుశనగ ఎండిపోయిన ఏడాది ఒక చింతచెట్టు కాపు ఎంత ఆసరాయో కరువు సీమ వాళ్ళకి తెలుసు. దానికి తోడు ముంగిట్లో రెట్టలు, కుళ్ళిన చేపల వాసన, ఆరు నెలలు తెరిపి లేని రొద. ఆ రెట్టలు ఎరువుకి పనికొస్తాయి గాని, ఇంట్లో కూర్చుని అన్నం తినేటప్పుడు ఆ మాట గుర్తుకు రాదు.

కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరుదీ ఇదే కథ. అక్కడ కొంగలతో పాటు గూడబాతులు కూడా కాపురం ఉంటాయి. అక్కడి అటవీశాఖ మాత్రం, గూళ్ళున్న చింతచెట్టు కాయ దులపనందుకు యజమానికి ఇంత అని డబ్బు కట్టే ఏర్పాటు చేసింది. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ నీ చెట్టు నష్టం మాకు తెలుసు అని కాగితం మీద ఒప్పుకోవడం అది. అమెరికా వేటగాడు స్టాంపు కొన్నట్టే, ఇక్కడ ఊరివాడు చింతపండు రూపంలో స్టాంపు కొంటున్నాడు. తేడా ఏమిటంటే, అక్కడ ఆ డబ్బు చెరువుకి పోతుంది. ఇక్కడ చింతపండు పోయినా చెరువుకి పూడిక తియ్యరు.

ఈ కొంగ తినే తీరు చూస్తే చెరువు ఎంత అవసరమో అర్థమవుతుంది. మోకాలి లోతు నీళ్ళలో ముక్కు తెరిచి పెట్టి, కాలితో అడుగున కెలుకుతుంది. చేప ముక్కుకి తగలగానే టక్కున మూస్తుంది. చూసి కాదు, తాకిడితో పట్టడం. నీళ్ళు తగ్గి చేపలు ఒకచోట చేరితే దానికి పండగే. మొత్తం ఎండిపోతే మాత్రం గూట్లో పిల్లలకి పస్తే. అప్పుడు దూరపు చెరువుకి పోవాలి, అక్కడా లేకపోతే గూడు వదిలెయ్యాలి.

లేపాక్షి బసవన్నను చూడ్డానికి వెళ్ళేవాళ్ళు వీరాపురం కూడా కలుపుకోవచ్చు. బెంగళూరు హైవే మీద కొడికొండ దగ్గర హిందూపురం వైపు తిరిగితే లేపాక్షికి ముందే చిలమత్తూరు వస్తుంది, వీరాపురం ఆ మండలంలోనే. మార్చి నుంచి జూన్ మధ్య అయితే గూళ్ళలో పిల్లలు కనబడతాయి. మాటు వెయ్యనక్కర్లేదు. ఎవరి అరుగు మీదైనా కూర్చుని తల పైకెత్తితే చాలు, గొడుగు ఉంటే మరీ మంచిది. ఎగిరితే బాగుంటుందని రాళ్ళు విసరొద్దని పిల్లలకి ముందే చెప్పండి. చెట్టు ఎవరిదో కనుక్కుని, ఈ ఏడు కాయ ఎంత పోయిందో ఆ పెద్దాయన్ని ఒకసారి అడిగి చూడండి.