పట్టా కన్నా ముందు పని

పది, ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచీ ఇళ్లలో ఒకటే చర్చ: ఏ కాలేజీ, ఏ బ్రాంచి, ఎంత ఫీజు. ఐటీఐ, అప్రెంటిస్‌షిప్ అంటే మార్కులు రానివాళ్ల సంగతి అన్నట్టు చూస్తారు. ఈ చూపు తప్పు. అంతర్జాతీయ కార్మిక సంస్థ భాగస్వామ్యంతో 2024లో వెలువడిన భారత ఉపాధి నివేదిక లెక్కన 2022లో యువ పట్టభద్రుల్లో నిరుద్యోగం 29.1 శాతం. చదవడం, రాయడం రాని యువతలో అది 3.4 శాతమే. చదువు చేటని దీనర్థం కాదు. పూట గడవని ఇంటి పిల్లలు ఖాళీగా కూర్చోలేక దొరికిన కూలికి పోతారు, పట్టా చేతికొచ్చినవారు తగిన కొలువు కోసం ఆగుతారు. అయితే ఉత్త పట్టా ఆ కొలువును తెచ్చిపెట్టదన్నది ఈ అంకెలు చెబుతున్న మాట.

మెడిసిన్, న్యాయశాస్త్రం వంటి వాటికి కాలేజీ తప్పదు, అందులో వాదనకు తావు లేదు. కానీ ఆసక్తీ ఆశయమూ లేకుండా ఏదో ఒక సీటు నింపడానికి అప్పు చేయడం కన్నా మంచి కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరడమే మేలు. ఆకురాయితో ఇనుప ముక్కను చదును చేసి, వెర్నియర్‌తో కొలిచి, మిల్లీమీటరులో యాభయ్యో వంతు తేడా పట్టుకోవడం నల్లబల్ల ముందు కూర్చుంటే అబ్బదు. పై చదువుకు తలుపులు మూసుకుపోతాయన్న భయమూ అక్కర్లేదు. ఐటీఐ నుంచి పాలిటెక్నిక్ రెండో ఏడాదికి, డిప్లొమా నుంచి ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదికి దారి ఉంది.

అసలు అభ్యంతరం వేరే ఉంది: అప్రెంటిస్ పేరిట చవగ్గా చాకిరీ చేయించుకుంటారని. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం దృష్టిలో అప్రెంటిస్ శిక్షణార్థే తప్ప కార్మికుడు కాడు. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధమూ యజమానికి లేదు. 2019 నిబంధనలు ఖరారు చేసిన కనీస స్టైపెండ్ అర్హతను బట్టి నెలకు రూ.5,000 నుంచి రూ.9,000. హైదరాబాద్‌లోనో విశాఖలోనో గది అద్దె, మెస్ బిల్లు కట్టాక అందులో మిగిలేదెంత? తల్లిదండ్రుల వెనుకంజకు ఇదీ ఒక కారణమే, దీన్ని సరిదిద్దాల్సింది ప్రభుత్వాలే. 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు ఆ సంఖ్యలో కనీసం 2.5 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలన్న నిబంధన కాగితానికే పరిమితం కారాదు. ఎంతమందిని తీసుకున్నారో, ఎంతమందిని కొలువులో నిలుపుకున్నారో ఏటా జిల్లాలవారీగా బయటపెట్టాలి. కాలేజీలకు ఫీజు రీయింబర్స్‌మెంటు ఇస్తున్న రెండు తెలుగు రాష్ట్రాలూ అప్రెంటిస్ స్టైపెండ్‌కు కూడా తమ వాటా కలపాలి.