జలగండం

నా జాతకంలో జలగండమున్నదట. నామకరణంనాడే సిద్ధాంతిగారు ఆ మాట అనడంతో, మా నాయనమ్మ నన్ను కాలువలో కాలు పెట్టనివ్వకుండా పెంచింది. తోటిపిల్లలు సొరకాయబుర్రలు నడుముకు కట్టుకుని ఈదుతూంటే, నేను గట్టుమీద కూర్చుని వాళ్ల చొక్కాలకు కాపలా కాసేవాణ్ణి. ఆ కాపలా ఉద్యోగంలోనే 46 ఏళ్లు గడిచిపోయాయి.

మరి ఈ వయసులో ఈత దేనికయ్యా అంటారు. చెబుతాను. నిరుడు మా విద్యార్థులను విహారయాత్రకు తీసుకువెళ్లాను. కాలువరేవులో కాళ్లు కడుక్కుంటూ ఒక పిల్లవాడు పాచిమెట్టుమీద జారి లోతులో పడ్డాడు. రెండుసార్లు మునిగి తేలాడు. ఇరవై ఏళ్లుగా గజేంద్రమోక్షం పాఠం చెబుతున్న నేను గట్టుమీద నిలబడి "అయ్యో, అయ్యో" అన్నాను. అంతే. గేదెలు కడిగే ముసలాయన ఒకడు పరుగెత్తుకొచ్చి వాణ్ణి గట్టుకు చేర్చాడు. పిల్లవాడు క్షేమం. నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు.

వారం తిరక్కుండా మునిసిపాలిటీ ఈతకొలనులో చేరాను. అక్కడ ఈత నేర్పేవాడెవరనుకున్నారు? నాలుగేళ్ల క్రితం నా క్లాసులో గణవిభజన రాక బిక్కమొహం వేసిన కుర్రవాడే! "రండి మాస్టారూ, భయపడకండి" అన్నాడు. ఆ మాట నేనెప్పుడూ వాడితో అనలేదే అనిపించింది.

మొదటి నెల నేను ఈదలేదు, నీళ్లతో కొట్లాడాను. 25 మీటర్ల కొలనులో సగందూరం వెళ్లేసరికి ఆయాసం. బలం చాలదేమో అనుకున్నాను. "చాలకపోవడం కాదు, ఎక్కువైంది మాస్టారూ" అని మావాడు నా తప్పులు ఒక్కొక్కటే విప్పి చెప్పాడు.

మొదటిది ఊపిరి. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి. పైకెత్తిన అరక్షణంలో వదలడమూ, పీల్చడమూ రెండూ కావాలి, ఏదీ పూర్తికాదు. లోపల బొగ్గుపులుసుగాలి పేరుకునే ఆ ఉక్కిరిబిక్కిరి పుడుతుంది గాని, ప్రాణవాయువు అంత తొందరగా అయిపోదు. కనుక ముఖం నీళ్లలో ఉండగానే బుడగలుగా వదిలెయ్యాలి. తిరిగినప్పుడు పీల్చుకుంటే చాలు. సంస్కృత ఛందస్సులో యతి అంటే విరామస్థానం గదా, ఈతకూ యతి ఉన్నది. పద్యంలో యతిభంగమైతే పండితుడు ముఖం చిట్లిస్తాడు. ఇక్కడ గుక్కెడు నీళ్లు తాగవలసివస్తుంది.

రెండవది తల. "తలెత్తుకుని బతకండిరా" అని ఏటేటా వీడ్కోలు సభలో చెప్పేవాణ్ణి కదా, నీళ్లలోనూ తలెత్తేవాణ్ణి. నీళ్లలో మనిషి త్రాసుకోల లాంటివాడు. ఊపిరితిత్తుల గాలితో ఛాతీ తేలుతుంది. అటు తల లేస్తే ఇటు కాళ్లు దిగుతాయి. దిగిన కాళ్లు నీటికి అడ్డుపడతాయి. చూపు కొలను అడుగున పెట్టి మెడ వదులు చెయ్యగానే నా కాళ్లు వాటంతటవే తేలాయి. ఊపిరికోసం తల ఎత్తరాదు. ఒళ్లంతా పక్కకు ఒరిగితే దానితోపాటు తల తిరగాలి. ఒక కన్ను నీళ్లలోనే ఉండాలి.

మూడవది కాళ్లు. సైకిలు తొక్కినట్టు తన్నేవాణ్ణి. తొడకండరాలు పెద్దవి, ఉన్న ఊపిరంతా అవే మింగేస్తాయి. తుంటినుంచి చిన్నగా ఆడిస్తే చాలు.

నీళ్లు మనిషిని తేలుస్తాయన్న నమ్మకం కుదరడానికి బెంజమిన్ ఫ్రాంక్లిన్ 18వ శతాబ్దంలో ఒక మిత్రుడికి చిట్కా రాశాడు. ఛాతీలోతు నీళ్లలో గట్టువైపు తిరిగి నిలబడి, ఒక గుడ్డు ముందుకు విసిరి, మునిగి దాన్ని తియ్యబొమ్మన్నాడు. మునగడమే కష్టమని అప్పుడు తెలుస్తుంది. మావాడు గుడ్డుకు బదులు రూపాయిబిళ్ల వేశాడు. నాలుగుసార్లు మునగబోతే నాలుగుసార్లూ నీళ్లు నన్ను పైకి నెట్టాయి. నా జలగండం ఆ రూపాయితో తీరింది.

మొదటిసారి కొలను ఆ చివర ముట్టుకున్నప్పుడు 38 బారలు పట్టింది. ఇప్పుడు 26 చాలు, ఆయాసమూ లేదు.

మొన్న మావాడితో గర్వంగా అన్నాను: "ఇక ఎవరైనా కాలువలో పడితే దూకేస్తానోయ్!"

వాడు నవ్వలేదు. "దూకకండి మాస్టారూ. మునిగేవాడు అందినవాణ్ణల్లా వాటేసుకుంటాడు, ఇద్దరూ పోతారు. ఈదడం వేరు, ఒకణ్ణి ఒడ్డుకు తేవడం వేరే విద్య. గట్టుమీద బోర్లా పడుకుని కర్రో, తాడో, కండువానో అందించండి. ఈత రానివాడు కూడా చెయ్యగలిగిన పని అది."

అప్పుడు గుర్తుకొచ్చింది. ఆ ముసలాయన అసలు నీళ్లలో దిగనేలేదు. గట్టుమీద బోర్లా పడుకుని, గేదెలు తోలే కర్ర చాచాడు.

ఆ రోజు నా చేతిలో గొడుగు ఉన్నది.