క్రొత్త మేస్త్రీలు

కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి ఓడలు రంగూనునకు పోవుచుండిన కాలమున మన పల్లెలలో మేస్త్రీ యనువాడొకడు తిరుగుచుండెడివాడు. వాడు పరాయివాడు కాడు. మన భాషయే పలుకును, ఒక్కొక్కచోట మన బంధువే. ముందుగా కొంత సొమ్ము చేత బెట్టి, ఆ యప్పు తీరువరకు కూలివానిని తనకు లోబరచుకొనెడివాడు. బర్మావారు మనవారికి కోరంగీలని పేరు పెట్టినది మన కోరంగి రేవునుబట్టియే.

ఆ మేస్త్రీ గతించెనని మనము తలంచియుంటిమి. వాడు వేషము మార్చెనే కాని గతింపలేదు. "డేటా ఎంట్రీ ఉద్యోగము, జీతము డాలర్లలో" అని నేడు సెల్‌ఫోనులో పిలుచుచున్నాడు. పాతవాడు ఎదురు సొమ్మిచ్చి కొనిపోయెను. వీడు సొమ్ము పుచ్చుకొని అమ్మివేయుచున్నాడు.

చదువుకొన్న పిల్లవాడు యాత్రికుల వీసాతో బ్యాంకాకులో దిగును. అచ్చటినుండి మోటారుకారులో మేసోత్ అను సరిహద్దు పట్టణమునకు, ఆ వెనుక మొయీ నదిని దాటించి బర్మాలోని మ్యావడ్డీకి కొనిపోవుదురు. ఎత్తైన గోడల నడుమ పాస్‌పోర్టు లాగికొందురు. స్త్రీ ఛాయాపటము పెట్టి, దొంగపేరుతో ఎవరినో స్నేహము చేసికొని, లేని వ్యాపారమున వారిచేత సొమ్ము పెట్టించుటయే వాని ఉద్యోగము. చెప్పిన మొత్తము రానినాడు దెబ్బలు, కరెంటు షాకులు. విడిచిపెట్టుడన్నచో ఇంటివారు వెల చెల్లింపవలెను, లేదా మరియొక ముఠాకు విక్రయము. కంబోడియాలోని సిహనూక్‌విల్‌లో జూదశాలలుగా కట్టిన మేడలే ఇట్టి చెరసాలలైనవి. బర్మాలో లక్షా ఇరువదివేలమందియు, కంబోడియాలో లక్షమందియు ఇట్లు చిక్కుకొనియుందురని 2023 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయము అంచనాలను ప్రకటించెను.

ఇది ఎక్కడివారి గోడో కాదు. 2024 మే నెలలో సిహనూక్‌విల్‌లో మనవారు తిరుగబడి మొఱపెట్టిరి; ఆ నెలలోనే విశాఖపట్టణమున పోలీసులు ఏజెంట్లను పట్టిరి. 2025 మార్చిలో మేసోత్‌నుండి 549 మంది భారతీయులను సైనిక విమానములలో తెచ్చిరి.

తెచ్చిన పిదప మన పెద్దలేమనుచున్నారు? "అత్యాశకు పోయిరి; పైగా మనవారినే దోచిన దొంగలు" అని. నెలకు పదునైదువేలు దొరకని ఊరిలో డిగ్రీ పుచ్చుకొన్నవాడు అరువదివేలు కోరుట అత్యాశ యట! దోచుకొనబడినవారి దుఃఖము మాకు తెలియనిది కాదు. కడుపు కట్టుకొని కూడబెట్టినదంతయు పోయిన వృద్ధులు కలరు. అయినను లాఠీ క్రింద చేసిన దొంగతనమునకు లాఠీ పట్టినవాడు కదా దొంగ! మోసముచేత పొందిన సమ్మతి సమ్మతియే కాదని 2000లోని పాలెర్మో ఒప్పందము చెప్పుచున్నది. 2011లో మన దేశము దానిని అంగీకరించెను. మనుష్యుల క్రయవిక్రయములను మన రాజ్యాంగపు 23వ అధికరణము నిషేధించుచున్నది. తిరిగివచ్చినవారిలో ఇతరులను తామే ఈడ్చినవారును కొందఱుందురు. విచారించి వేఱుచేయవలసినదే. అందఱిని ఒక్క గాటన గట్టుట విచారణ యెట్లగును?

గోడల వెనుకనున్న ధనికుల మాట యేమి? మ్యావడ్డీ ముఠాలకు సాయుధదళముల అండ కలదు. ఆ దళాధిపతి సా చిట్ తూపై బ్రిటను 2023లోను, అమెరికా 2025లోను ఆంక్షలు విధించినవి. ఆ మేడలలో వెలిగిన దీపములకు విద్యుత్తు చాలవఱకు థాయిలాండునుండి వెలకు పోయినదే. 2025 ఫిబ్రవరిలో దానిని ఆపినారు. వారములలో వేలమంది వెలికివచ్చిరి. తీగ కోయుటకు ఇన్నేండ్లేల పట్టవలెనో!

మన తీగ మన యింటనే యున్నది. 1983 నాటి వలసల చట్టము ప్రకారము నమోదుపత్రము లేనివాడు విదేశపు కొలువులకు మనుష్యులను చేర్చుట నేరము. నమోదైన ఏజెంట్ల పట్టిక ఇ-మైగ్రేట్ అను ప్రభుత్వ వెబ్‌సైటులో నున్నది. పల్లెలో దానిని చూచువారెవ్వరు? జిల్లా పేరుగల పుటను అచ్చువేసి ప్రతి పంచాయతీ కార్యాలయపు గోడకు అంటింపవలెనని మేము కోరుచున్నాము. ఇందులకు క్రొత్త చట్టమక్కఱలేదు. కొన్ని కాగితములును, ఒక జిగురుడబ్బాయును చాలును.