సాక్షుల బత్తెము



క్రిమినలు కేసులలో సాక్షులు ఎదురు తిరుగుచున్నారనియు, అందువలన ముద్దాయిలు తప్పించుకొనుచున్నారనియు పత్రికలలో తరచు చదువుచున్నాము. సాక్షిని డబ్బుతో కొన్నారనో, బెదిరించినారనో అనుకొనుట పరిపాటి. అట్టివి లేకపోలేదు. కాని కూలివాడైన సాక్షి వెనుకకు తగ్గుటకు అంతకంటె చిన్న కారణమొకటి కలదు. అది బస్సు చార్జీ. దానిని గురించి వ్రాయువారు తక్కువ.

నేను ప్రభుత్వ గుమాస్తాగా ముప్పదియేండ్లకు పైగా పనిచేసితిని. రికార్డులు రుజువు చేయుటకు మూడు పర్యాయములు కోర్టుకు పోవలసివచ్చెను. ఆ దినములు డ్యూటీగానే లెక్క. కోర్టువారిచ్చిన హాజరు సర్టిఫికెట్టు జతపరచి బిల్లు పెట్టగా టి.ఏ., డి.ఏ. లభించెను. జీతములో నయాపైసా తగ్గలేదు.

ఇక మా వీధిలో గనుల లారీకి క్లీనరుగానున్న ఒక కుర్రవాని సంగతి. ఒక కత్తిపోటును కళ్ళార చూచిన పాపమునకు నాలుగు వాయిదాలకు పొరుగూరి కోర్టుకు పోయివచ్చెను. మొదటి మూడు వాయిదాలలోను అతనిని బోనెక్కించనే లేదు. ఒకనాడు ప్లీడరు రాలేదు, ఒకనాడు ముద్దాయిని తీసుకొని రాలేదు, మూడవనాటి కారణము అతనికెవరును చెప్పలేదు. నాలుగు దినముల కూలి పోయినది. చార్జీలు, హోటలు భోజనము అతనివే. బత్తెము అడుగవచ్చునని అతనికి తెలియదు. సాయంకాలమువరకు వరండాలో ముద్దాయి బంధువుల ప్రక్కనే నిలుచుండెనట.

చట్టములో సౌకర్యము లేదనరాదు. ఫిర్యాదికిని సాక్షులకును సముచితమైన ఖర్చులు ప్రభుత్వముచే ఇప్పించు అధికారము క్రిమినలు కోర్టులకు ఎప్పటినుండియో ఉన్నది. పాత కోడులో అది 312వ సెక్షను. 2024 జూలై 1నుండి అమలునకు వచ్చిన నాగరిక సురక్షా సంహితలోను ఉన్నది. ప్రాణభయమున్న సాక్షుల రక్షణ పథకమును సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో ఆమోదించి దేశమంతటికిని వర్తింపజేసినది. జిల్లా జడ్జీగారి అధ్యక్షతనుండు కమిటీకి దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ప్రతి రాష్ట్రమును అట్టి పథకమును ప్రకటింపవలెనని కొత్త సంహిత 398వ సెక్షను. ఇదంతయు లారీ క్లీనరుకు ఎవరు చెప్పవలెను?

షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారముల కేసులలో మాత్రము కొంత ఆలోచించిరి. 1995 నాటి నిబంధనలలో 11వది చూడుడు. బాధితులకు, సాక్షులకు ప్రయాణపు ఖర్చును, కనీస వేతనమునకు తగ్గని దినఖర్చును మూడు రోజులు మించకుండ చెల్లింపవలెను. నాటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనమండుగురు దళితులు హతులైన కేసులో ప్రత్యేక కోర్టును ఆ ఊరిలోనే నెలకొల్పిరి. సాక్షులు కోర్టుకు పోవుట గాక, కోర్టే సాక్షులకడకు వచ్చెను. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడెను. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసిన మాట నిజమే. అంతమాత్రమున ఆ ఏర్పాటు చెడ్డదనరాదు. పదేండ్లు దాటిన పిమ్మటకూడ ఊరివారు వచ్చి సాక్ష్యము చెప్పగలిగిరి.

మా తాలూకాలో భాష మరియొక చిక్కు. రాయదుర్గము వైపునుండి గనుల పనికి వచ్చిన తెలుగువారు ఇచ్చట కలరు. వాంగ్మూలము కన్నడములో వ్రాయుదురు. సాక్షికి రాని భాషలో వ్రాసినచో అతనికి వచ్చిన భాషలో చెప్పి వినిపింపవలెనని చట్టమే అనుచున్నది. కన్నడము మాకు పరాయిది కాదు గాని కోర్టు కన్నడము వేరు. ఆ మాటకు వచ్చిన, కోర్టు తెలుగును అంతే!

నేను కోరునది పెద్ద పథకమేమియు కాదు. సమను కాగితము వెనుక, సరిహద్దు తాలూకాలలోనైనను రెండు భాషలలో, బత్తెము ఎవరిని అడుగవలెను, భయమున్నచో దరఖాస్తు ఎవరికీయవలెను అని నాలుగు పంక్తులు అచ్చు వేయింపవలెను. ఏ దినపు బత్తెము ఆ దినమే, సాక్షి బస్సెక్కక మునుపే, నగదుగా ఇయ్యవలెను. ముద్దాయి మనుషులకు దూరముగా కూర్చుండుటకు ఒక గది, త్రాగుటకు నీళ్ళు ఉండవలెను. ఈ తాలూకా ఇనుప ఖనిజముపై ప్రభుత్వమునకు వచ్చు రాయల్టీలో ఈ ఖర్చు లెక్కలోనికి రాదు.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
సండూరు.