నిర్హేతుక కృప: పూర్వపక్షానికి జరుగుతున్న అన్యాయం

ప్రత్తిపాడు మొదలుకొని పెదనందిపాడు, చిలకలూరిపేట వైపు సాగే నల్లరేగడి గ్రామాలలో రామాలయ ధ్వజస్తంభమూ, లూథరన్ ప్రార్థనామందిరపు సిలువా ఒకే చూపులో కనిపించడం కొత్త విషయం కాదు. ఈ సహవాసానికి నూటయేభై సంవత్సరాలు పైబడినవి. అయినప్పటికీ ఈ ప్రాంతపు ధార్మిక సభలలో, విశేషించి ధనుర్మాస ప్రవచనాల సందర్భంలో, ఒక వాదం ఏటేటా వినవస్తూనే ఉన్నది. "వారి మతంలో ఎంత పాపం చేసినా ఒక్కసారి నమ్మితే చాలు, సర్వమూ మాఫీ. మన ధర్మంలో అట్లా కాదు; చేసిన కర్మ అనుభవించి తీరవలసిందే. కనుక వారిది బాధ్యత లేని మతం, మనది బాధ్యత నేర్పే ధర్మం." సభలో చప్పట్లు మ్రోగుతాయి. ఉపన్యాసకుడు శాలువా కప్పించుకొని వెళ్ళిపోతాడు.

ఈ వాదం క్రైస్తవుల విషయంలో అసత్యం. అంతకంటె విచారకరమైన విషయం, ఇది సనాతన ధర్మం విషయంలోనూ అసత్యం.

వాదానికి మన శాస్త్రకారులు పెట్టిన మర్యాద ఒకటి ఉన్నది. సిద్ధాంతం చెప్పడానికి ముందు పూర్వపక్షం చెప్పాలి. ఎట్లా చెప్పాలి? ప్రతివాది స్వయంగా విని "అవును, నా మతం ఇదే" అని తల ఊపేటట్లు చెప్పాలి. శంకర భగవత్పాదులు సాంఖ్యులను ఖండించే చోట సాంఖ్యమతాన్ని ఎంత బలంగా నిలబెట్టారో భాష్యం చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. కొన్ని చోట్ల పూర్వపక్షమే సిద్ధాంతమేమో అన్నంత భ్రాంతి కలుగుతుంది. ప్రతివాది చెప్పని మాటను అతని నోట పెట్టి, దానిని ఖండించి జయభేరి మ్రోగించడం వాదం కాదు. దానికి జల్పం అనే పేరు కూడ ఎక్కువే. జల్పంలోనైనా ఎదుటివాని మాట వినడం ఉంటుంది.

అయితే ఆ పూర్వపక్షం ఏది? తెలుగు బైబిలులో 'కృప' అని అనువదింపబడిన గ్రీకు పదం 'ఖారిస్'. అర్హతను చూడక ఇచ్చిన దానం అని దాని తాత్పర్యం. అపొస్తలుడైన పౌలు తన లేఖలలో దానిని కూలికి వ్యతిరేకంగా నిలబెట్టాడు. పనిచేసినవానికి ఇచ్చేది కూలి, అది ఋణం తీర్చడం; కృప అట్టిది కాదు. పదహారవ శతాబ్దంలో మార్టిన్ లూథర్ ఈ ఒక్క విషయం మీదనే తన కాలపు మతవ్యవస్థనంతటినీ ఎదిరించాడు. 1842 జులైలో గుంటూరు చేరిన హేయర్ అనే అమెరికా దేశపు లూథరన్ పాదిరీ ఈ మైదానానికి తెచ్చినది ఆ సిద్ధాంతమే. ఆ పరంపరలోని సంఘం 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా ఏర్పడి, గుంటూరు కేంద్రంగా నేటికీ ఉన్నది.

ఆ సిద్ధాంతంలో సత్కర్మకు చోటు లేదా? ఉన్నది, స్థానం మాత్రమే వేరు. సత్కర్మ రక్షణకు హేతువు కాదు, రక్షణకు ఫలం. వేరులో తడి ఉన్నది గనుక మిరప మొక్క కాపు కాస్తుంది; కాపు కాసిన తరువాత దానికి ప్రతిఫలంగా వేరుకు తడి చేరలేదు. హేతువును ఫలమనీ, ఫలాన్ని హేతువనీ తారుమారు చేసి వినేవారికే ఇది దురాచారానికి అనుమతిపత్రంగా వినబడుతుంది. "కృప పెరగడానికి పాపం చేద్దామా?" అనే ఆక్షేపాన్ని పౌలే స్వయంగా లేవనెత్తి తీవ్రంగా నిషేధించాడు. అనగా మన ఉపన్యాసకుడు క్రొత్తగా కనిపెట్టినట్లు చెప్పే ఆక్షేపం రెండువేల ఏండ్ల నాటిది, సమాధానం పొందినది. జర్మనీ దేశపు లూథరన్ పండితుడు బాన్‌హోఫర్ 1937లో ప్రకటించిన గ్రంథంలో, పశ్చాత్తాపమూ ఆచరణా లేని క్షమను 'చౌకబారు కృప' అని ఈసడించాడు. హిట్లరు పాలనను ఎదిరించినందుకు 1945 ఏప్రిల్‌లో ఉరికంబమెక్కాడు. బాధ్యత లేని మతం ఆ మనిషిని అక్కడికి తీసుకువెళ్ళిందా?

ఇక స్వగృహానికి వద్దాం. శ్రీమద్భాగవతం షష్ఠ స్కంధంలో అజామిళోపాఖ్యానం ఉన్నది. ధర్మభ్రష్టుడైన బ్రాహ్మణుడు మరణకాలంలో భయంతో కుమారుని పిలిచాడు; ఆ కుమారుని పేరు నారాయణుడు. అంతమాత్రాన విష్ణుదూతలు వచ్చి యమకింకరులను నిలువరించారు. 'చేసిన కర్మ అనుభవించి తీరవలసిందే' అనే సూత్రమొక్కటే మన ధర్మసర్వస్వమైతే ఈ కథను పురాణం నుండి తొలగించవలసి ఉంటుంది. అదే ఉపన్యాసకుడు మార్గశిరంలో కర్మసిద్ధాంతం చెప్పి, ఏకాదశినాడు అజామిళుని కథ చెప్పి, రెంటికీ నడుమ ఉన్న వైరుధ్యాన్ని గమనించకుండా ప్రసాదం స్వీకరిస్తాడు!

అజామిళుడు ఆ తరువాత ఏమి చేశాడో కూడ గుర్తుంచుకోవాలి. దూతలు వెళ్ళిన పిదప అతడు పాత ఇంటికి పోలేదు. తన జీవితాన్ని తలచుకొని దుఃఖించాడు, గంగాద్వారం చేరి యోగనిష్ఠలో దేహం విడిచాడు. అతని వైరాగ్యం కృపకు మూల్యం కాదు. కృప కలిగినందువలన వైరాగ్యం పుట్టింది. ఇది పౌలు చెప్పిన క్రమమే. నామబలం ఉన్నది కదా అని పాపానికి ఒడిగట్టడం పద్మపురాణం చెప్పిన దశవిధ నామాపరాధాలలో ఒకటి. చౌకబారు కృపను మన పెద్దలూ ఎరుగుదురు, వారూ నిషేధించారు.

శ్రీవైష్ణవ సంప్రదాయంలో ఈ చర్చ శతాబ్దాల పాటు నడిచింది. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకొంటుంది. పిల్లి కూనను తల్లియే నోట కరచుకొని పోతుంది. జీవుడు భగవంతుని చేరడం మర్కటకిశోర న్యాయమా, మార్జాలకిశోర న్యాయమా? వేదాంతదేశికులు, కృపకు జీవుని పక్షాన ఒక స్వల్పమైన వ్యాజమైనా ఉండాలన్నారు. అది కృపకు సమానమైన మూల్యం కాదు, కృప ప్రసరించడానికి ఒక సాకు మాత్రమే. పిళ్ళై లోకాచార్యులు ఆ సాకు కూడ అక్కరలేదన్నారు. శరణాగతి సైతం ఉపాయం కాదు, భగవంతుడే ఉపాయం. వడగలై, తెంగలై భేదానికి మూలమైన విషయాలలో ఇది ప్రధానమైనది. లూథరుకు పూర్వమే కావేరీ తీరాన నిర్హేతుక కృప అనే పదం మీద ఇంత సూక్ష్మవిచారం జరిగి ఉండగా, 'ఊరకే లభించే అనుగ్రహం పరదేశపు సరుకు' అని పలకడం తన తాతముత్తాతల గ్రంథాలను తానే మూలకు నెట్టడం.

సువార్తలో ఒక కూలీల కథ ఉన్నది. తోట యజమాని తెల్లవారగట్ల కొందరిని, మధ్యాహ్నం కొందరిని, ప్రొద్దు వాలిన తరువాత మరికొందరిని పనికి పిలిచి, సాయంకాలం అందరికీ సమానంగా ఒకే కూలి ఇచ్చాడు. ఉదయం వచ్చినవారు గొణిగారు. దీనిని మన వేదికల మీద అన్యాయానికి ఉదాహరణగా పరిహసిస్తారు. మిరప కోతల కాలంలో పొరుగు జిల్లాల నుండి పిల్లాపాపలతో వలస వచ్చి, గట్ల మీద గుడారాలు వేసుకొనే కూలీల ముందు ఈ పరిహాసం చేసి చూడమనాలి. ప్రొద్దు వాలేవరకు ఎవరూ పిలవకపోతే కూడలిలో నిలబడి ఉన్నవాడు సోమరి కాదు. వాని ఇంటిలోనూ ఆ రాత్రికి అన్నం కావాలి. ఉదయం వచ్చినవానికి ఒప్పుకొన్న కూలిలో పైసా తగ్గలేదు. మరి అతని ఫిర్యాదు దేని గురించి? తన పొరుగువానికి అన్నం దొరికినందుకా?

ఇంతమాత్రాన క్రైస్తవ సిద్ధాంతంలో క్లేశం లేదని కాదు. ఉన్నది, అది పరిహాసంతో తేలేది కాదు. బ్రహ్మసూత్రాలు రెండవ అధ్యాయంలో వైషమ్య నైర్ఘృణ్య దోషాలను విచారించాయి. ఒకరు సుఖులు, ఒకరు దుఃఖులు. ఈశ్వరుడే కర్త అయితే అతనికి పక్షపాతమూ నిర్దయా అంటవా? అంటవు, ఎందుచేతనంటే అతడు జీవుల కర్మను అపేక్షించి సృష్టిస్తాడని సమాధానం. శంకరులు వర్షాన్ని దృష్టాంతంగా చూపారు. వాన అన్ని పైరులకూ సమానమే. పైరులలోని భేదం విత్తనం వలన వచ్చింది. ప్రత్తిచేను, మిరపచేను గట్టు పంచుకొనే ఈ నేలమీద దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు.

ఈ ప్రశ్ననే ఇప్పుడు లూథరు ముందు పెట్టాలి. కృప అర్హతను చూడనిదైతే, అందరికీ ఎందుకు లభించదు? 'నమ్మినవారికి లభిస్తుంది' అంటే విశ్వాసం ఒక అర్హత అయింది, ఒక విధమైన కర్మ అయింది. 'విశ్వాసం కూడ దేవుడిచ్చిన దానమే' అంటే, ఆ దానం కొందరికే ఎందుకు ఇచ్చాడనే ప్రశ్న మరింత తీవ్రంగా తిరిగివస్తుంది. ఎరాస్మసుతో 1525లో జరిగిన వాదంలో లూథరు, మానవుని సంకల్పం బద్ధమైనదని చెప్పి రెండవ మార్గాన్నే పట్టాడు. కాల్విను ఇంకా ముందుకు పోయి, ఎవరు రక్షింపబడాలో ఎవరు నశించాలో దైవమే ముందుగా నిర్ణయించాడన్నాడు. ఆ కఠినత్వాన్ని అంగీకరించలేక 1577 నాటి లూథరన్ విశ్వాసపత్రం, రక్షణ పూర్తిగా దైవకృతమనీ, నాశం మాత్రం మానవుని స్వయంకృతమనీ చెప్పి, ఆపైన బుద్ధి పోరాదని నిలిచిపోయింది. అనాది కర్మనూ, అనేక జన్మలనూ అంగీకరించని మతానికి ఇక్కడ దారి మూసుకొనిపోతుంది. ఒకే జన్మ, ఒకే అవకాశం, సువార్త వినకుండానే పోయిన కోట్లాది జీవులు: వీటిని కరుణామయుడైన ఈశ్వరునితో ఎట్లా పొసగించాలి? పండితులైన వారు పాదిరీలను అడుగవలసిన ప్రశ్న ఇది. దీనికి చప్పట్లు రావు. అందువల్లనే కాబోలు ఎవరూ అడుగరు.

అయితే విత్తనదృష్టాంతాన్ని సిద్ధాంతంగా చెప్పడం వేరు, దానిని మానవుల మీద ప్రయోగించడం వేరు. 2021-22లో నల్ల తామరపురుగు గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరపచేలను తుడిచిపెట్టినప్పుడు, శ్రద్ధగా చేసినవాని చేను, అశ్రద్ధగా చేసినవాని చేను ఒకే విధంగా ముడుచుకొని పోయినవి. రైతు తన నుదురు కొట్టుకొని 'నా ఖర్మ' అనుకోవడంలో ఒక ఓరిమి ఉన్నది. అప్పు ఇచ్చినవాడు అదే రైతును చూపి 'వాని ఖర్మ' అన్నప్పుడు ఆ మాటలో మిగిలేది క్రౌర్యమే. శాస్త్రం మొదటిదాని కోసం చెప్పిన మాటను తరతరాలుగా రెండవదాని కోసం వాడినవారు లేరని ఎవరైనా అనగలరా?

1876-78 నాటి మహాక్షామం దీనికి సాక్ష్యం. ఒంగోలు బాప్టిస్టు మిషనుకు చెందిన క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగం త్రవ్వే గుత్త పని తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించాడు. ఆ క్షామకాలంలో అతడు బాప్తిస్మాలు ఆపివేశాడు. అన్నం కోసం మతం మారారనే మాట రాకూడదని అతని ఉద్దేశం. కరవు తీరిన పిమ్మట 1878 జులై 3న గుండ్లకమ్మ తీరాన ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. 'రొట్టెముక్కకు అమ్ముడుపోయారు' అనే వారు ఈ క్రమాన్ని ఒకసారి చూడాలి.

వారిలో అత్యధికులు మాదిగలు. ఆ ఉద్యమానికి మూలపురుషుడైన యెర్రగుంట్ల పేరయ్య క్రైస్తవుడు కాకముందు యోగమార్గంలో గురువును ఆశ్రయించిన సాధకుడు. అతనికి ఈశ్వరజిజ్ఞాస పాదిరీలు నేర్పినది కాదు. అట్టి సాధకునికి గర్భగుడి కాదు గదా, గుడివీధియైనా తెరచి ఉన్నదా? తెరవని వారు నేడు 'మన ధర్మంలోనూ నిర్హేతుక కృప ఉన్నది' అని చెప్పితే, గ్రంథంలో ఉన్నదని అతని సంతతి ఒప్పుకొంటుంది. ఊరిలో ఎక్కడ ఉన్నదని అడుగుతుంది. కర్మచేత హీనజన్మ వచ్చిందని చెప్పిన నోళ్ళ నుండి ఆ జనం విననిది, 'నీవు దేనికీ అర్హుడవు కానవసరం లేదు' అనే ఒక్క మాట. దానిని ఓడలో వచ్చినవాడు వినిపించాడు.

నేటి స్థితి ఉభయత్రా మరింత వింతగా ఉన్నది. లూథరు 1517లో లేచినది పాపక్షమాపత్రాల విక్రయం మీద. ఆయన పేరు పెట్టుకొన్న సంఘాలున్న ఈ జిల్లాలోనే, స్వస్థత సభలలో అభిషేక తైలం సీసాలు అమ్ముతూ, కానుక ఎంత పెద్దదైతే దీవెన అంత పెద్దదని ప్రకటించే బోధకులు బయలుదేరారు. ఇటు చూస్తే దేవాలయాలలో దర్శనానికి ధరల పట్టిక; ఎక్కువ ఇచ్చినవానికి మూలవిరాట్టుకు సమీపం, తక్కువ ఇచ్చినవానికి దూరం. పంట పండితే తులాభారం, పండకపోతే లేదు అనే మొక్కు భక్తి కాదు, యార్డులో టిక్కీల బేరం. పరుల కృపను 'ఉచిత సరుకు' అని వెక్కిరించేవారు తమ అనుగ్రహానికి రసీదు పుస్తకం అచ్చు వేయించడంలో ఉన్న అసంగతిని గుర్తించరు.

తిరుప్పాణాళ్వారును లోకసారంగముని భుజాలమీద మోసుకొని శ్రీరంగనాథుని సన్నిధికి తెచ్చిన గాథ గురుపరంపరలో ఉన్నది. ఆళ్వారు తనకు అర్హత లేదని దూరంగా నిలబడ్డాడు; పిలిచినవాడు రంగనాథుడు, మోయవలసివచ్చినవాడు అర్చకుడు. 2018 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు రంగరాజన్ గారు భాగ్యనగరంలోని జియాగూడ రంగనాథాలయంలోకి ఒక దళిత భక్తుని భుజాన ఎక్కించుకొని వెళ్ళి, ఆ మునివాహన సేవను మరల ఆచరించి చూపారు. ధనుర్మాసంలో కృపను గురించి ఉపన్యసించదలచిన వారికి విషయం అక్కడ సిద్ధంగా ఉన్నది. ముందుగా తమ గ్రామంలో ఆ సేవ ఏ సంవత్సరం జరిగిందో చెప్పి, తరువాత పాదిరీతో వాదానికి దిగవచ్చును.