వాక్యానికి తొలి అడుగు

భావానికి రూపమిచ్చేది వాక్యం. ఆ వాక్యాన్ని ఎక్కడ ప్రారంభించాలో తెలియడం రచనాభ్యాసంలో తొలి మెట్టు. అక్షరదోషాలను దిద్దడంలో చూపే శ్రద్ధను వాక్యారంభంపై కూడా చూపడం అవసరం. బాలల రచనలు నిర్దుష్టంగా ఉండి కూడా నిర్జీవంగా తోచడానికి ఈ లోపమే ఒక ముఖ్యకారణం.

సంతను గురించి రాయమంటే ఒక బాలిక ఇలా రాయవచ్చు: “నేను సంతకు వెళ్లాను. నేను గాజులు చూశాను. నేను అమ్మను అడిగాను. నేను ఏడ్చాను. నేను ఇంటికి వచ్చాను.” ఇందులో వ్యాకరణదోషం ఒక్కటీ లేదు. అయితే అయిదు వాక్యాలూ ఒకే పదంతో మొదలయ్యాయి. సంఘటనలు వరుసగా ఉన్నాయి గాని, వాటి నడుమ సంబంధం లేదు. ఆ చిన్నారి ఎందుకు ఏడ్చిందో చదువరికి తెలియదు.

ఇటువంటి రచనలో ‘నేను’ అనే పదాన్ని ఎర్ర సిరాతో కొట్టివేసినంత మాత్రాన ప్రయోజనం లేదు. దాని స్థానంలో ‘తరువాత’, ‘అప్పుడు’ అని ప్రతి వాక్యానికీ చేర్పిస్తే ఒక పునరుక్తి పోయి మరొకటి వస్తుంది. ఉపాధ్యాయులు ప్రశ్నలు అడగాలి. ఎవరితో వెళ్లావు? గాజులు ఎలా ఉన్నాయి? అడిగితే అమ్మ ఏమంది? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబుల నుంచే కొత్త వాక్యారంభాలు పుడతాయి. “అమ్మతో కలిసి సంతకు వెళ్లాను. ఒక దుకాణంలో ఎర్రని గాజులు మెరుస్తూ కనిపించాయి. కొనిపెట్టమని అడిగితే అమ్మ వద్దంది. ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను.” మొదటి పదాలు మారడంతో ఏడుపుకు కారణం కూడా బయటపడింది.

ఈ మార్పుకు తెలుగు భాషా స్వభావం ఎంతో అనుకూలమైనది. ‘వెళ్లాను’ అనే క్రియలోనే కర్త ఎవరో స్పష్టమవుతుంది. ఆంగ్ల వాక్యంలో సాధారణంగా కర్తను విడిచిపెట్టడానికి వీలులేదు. ఆంగ్ల మాధ్యమంలో చదివే పిల్లలు ఆ అలవాటును తెలుగులోకి తెచ్చుకోవడం సహజం. అంతేకాక, తెలుగులో పదాలు సందర్భాన్ని బట్టి స్థానాలు మార్చుకోగలవు. “తాత నిన్న చెరువుగట్టున కథ చెప్పాడు” అన్నప్పుడు మాట తాతను గురించినది. “నిన్న చెరువుగట్టున కథ చెప్పింది తాతే” అన్నప్పుడు చెప్పినది మరెవరో కాదని నిశ్చయమవుతుంది.

క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం అనే పేర్లు విద్యార్థులకు కొత్తవి కావు. పరీక్షలో వాటిని గుర్తించి మార్కులు పొందుతారు. పై రచనలోని ‘కలిసి’, ‘మెరుస్తూ’, ‘అడిగితే’ అనే పదాలు వరుసగా ఆ మూడు రూపాలే. వ్యాకరణం ఒక పుస్తకంలోను, వ్యాసం మరొక పుస్తకంలోను విడివిడిగా ఉండిపోవడం వల్ల నేర్చిన విద్య అక్కరకు రావడం లేదు.

అయితే వైవిధ్యం కోసమే వైవిధ్యాన్ని కోరడం తగదు. తాతను కోల్పోయిన విద్యార్థి “తాత కుర్చీ ఉంది. తాత కళ్లజోడు ఉంది. తాత లేడు” అని రాస్తే, దానిని దిద్దవలసిన పని లేదు. అక్కడ పునరుక్తి దుఃఖాన్ని మోస్తోంది. అలవాటుగా వచ్చిన పునరుక్తికి, అవసరమై వచ్చిన పునరుక్తికి గల భేదాన్ని బాలలు గ్రహించాలి. రాసినదాన్ని బిగ్గరగా చదివిస్తే ఆ భేదాన్ని వారి చెవులే పట్టుకుంటాయి.

తనకు రాయడం రాదని నిరాశపడే పిల్లలు ఎందరో ఉన్నారు. వారికి చెప్పవలసిన విషయం లేక కాదు. దానిని ఎక్కడ ఎత్తుకోవాలో ఎవరూ చూపలేదు. ఎర్ర గీతకు బదులు ఒక్క ప్రశ్న దొరికితే, ఆ బాలిక ఏడుపు వెనుక ఉన్న కథ చదువరికి చేరుతుంది.